చెరగని ప్రతి

ఆదివారం పొద్దున, ఇల్లు ఊడ్చడం అయ్యాక, కోడలు స్టోర్ రూంలో నేల మీద చతికిలబడి వైర్లు సర్దుతోంది. పక్కన ముక్కాలి పీట మీద మామగారు టార్చిలైటు పట్టుకుని కూర్చున్నారు. చెయ్యి వణికినప్పుడల్లా వెలుతురు గోడ మీదికి పోతోంది. మళ్లీ జాగ్రత్తగా వెనక్కి తెస్తున్నారు.

ముప్ఫై తొమ్మిదేళ్లు గడియారాలు బాగుచేసిన చేతులవి. రెండేళ్ల క్రితం వణుకు మొదలయ్యాక కొట్టు మూసేశారు. కోడలు ఆఫీసులో కంప్యూటర్ల బాగోగులు చూస్తుంది, ఇంటికొచ్చాక కూడా అదే సరదా. పాత కంప్యూటరొకటి తెచ్చి, ఒక్క పెట్టెలోనే ఆరు కంప్యూటర్లు ఉన్నట్టు నడుపుతోంది. ఒకదాంట్లో ఇంటి ఫోటోలు, ఇంకోదాంట్లో అత్తగారి పాటలు, మరోదాంట్లో మామగారి పదిహేడు నోటుపుస్తకాలు.

చేతికొచ్చిన ప్రతి గడియారానికీ బొమ్మ గీసి, ఏం పాడైందో, ఎలా బాగైందో ఆయన రాసుకున్న పుస్తకాలవి. కాగితాలు అప్పడాల్లా విరిగిపోతుంటే, కోడలు నాలుగు నెలలు కూర్చుని ఒక్కో పేజీ స్కాన్ చేసింది. ఆ పని పూర్తయ్యాకే ఆయన ఆ ముక్కల్ని పారేయనిచ్చారు.

"ఉన్న పెట్టె చాలక మళ్లీ ఈ రెండో పెట్టె ఎందుకమ్మా?" అన్నారు మామగారు.

"బ్యాకప్ కోసం మావయ్యా, అన్నిటికీ ఇంకో కాపీ. మొన్న మా ఆఫీసు కంప్యూటర్లలోకి దొంగలు దూరి ఫైళ్లన్నీ తెరుచుకోకుండా చేసేశారు. బ్యాకప్ ఉందిలే అనుకుంటే, దాన్ని ముందే చెరిపేశారు. అందుకే ఇది. ఇందులోకి ఒకసారి చేరిన కాపీని ముప్ఫై రోజుల దాకా ఎవరూ మార్చలేరు, చెరపలేరు."

"నువ్వు కూడానా?"

"నేను కూడా. డిస్కు బయటికి తీసి పగలగొడితే తప్ప."

"ఇంత మొండి సరుకు ఎంతకి కొన్నావు?"

"పాత డిస్కే. సాఫ్ట్‌వేరు ఉచితం."

"ఉచితంగా వచ్చినదానికి ఇంత పట్టుదలా!" అని ఆయన నవ్వారు. వంటింట్లోంచి అత్తగారు, "ఆ గదిలో ఇంకో పెట్టె పెడితే నేను బియ్యం డబ్బా నెత్తిన పెట్టుకుని తిరగాలి," అని కేకేసింది. మధ్యాహ్నానికి మొదటి కాపీ పూర్తయింది. ఇక రోజూ తెల్లవారుజామున దానంతట అదే కొత్త కాపీ తీసుకునేలా కోడలు ఏర్పాటు చేసింది.

గురువారం పొద్దున కోడలు ఆఫీసుకి వెళ్లిపోయింది. ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న కొడుకు డ్యూటీ దిగి అప్పుడే వచ్చాడు. కళ్లు మూసుకుపోతున్నాయి.

"ఒరేయ్, నా పుస్తకాలకి పేర్ల పట్టిక ఉంటే బాగుంటుందిరా. ఏ గడియారం ఏ పేజీలో ఉందో తెలుస్తుంది. సాయంత్రం అమ్మాయిని అడగనా?" అన్నారు నాన్న ఉత్సాహంగా.

"నాన్నా, అవి ఎవరు చదువుతారు చెప్పు? అందరూ టైము ఫోనులోనే చూసుకుంటున్నారు. తను పొద్దంతా ఆఫీసులో చాకిరీ చేసి వచ్చి మళ్లీ నీ కాగితాల ముందు కూర్చుంటోంది. కాస్త ఊపిరి పీల్చుకోనీ."

కొడుకు వెళ్లి పడుకున్నాడు. కాసేపయ్యాక నాన్న, కోడలు నేర్పినట్టే కంప్యూటర్ తెరిచి, పదిహేడు పుస్తకాల్నీ ఒక్కొక్కటిగా చెరిపేశారు. వణికే చేత్తో ఆ పనికి ముప్పావుగంట పట్టింది.

సాయంత్రం కోడలు చూసేసరికి అక్కడ ఖాళీ.

"పుస్తకాలు ఎవరు తీసేశారు?" ఆమె గొంతు మొదటిసారి ఆ ఇంట్లో అంత గట్టిగా వినిపించింది.

"నేనేనమ్మా," అన్నారు మామగారు. "పాత చెత్త. నీకెందుకు ఆ బరువు?"

"బరువని నేనెప్పుడన్నాను మావయ్యా?"

ఆయన కిటికీ వైపు తిరిగారు. అత్తగారికి మాట దాచడం చేతకాదు. "పొద్దున వీడు అన్నాడులే. నీకు ఊపిరాడటం లేదట!" అంది.

కోడలు భర్త వైపు తిరిగింది. "నా ఊపిరి సంగతి మీకెవరు చెప్పారు? ఒక్కసారైనా నన్ను అడిగారా? మా నాన్న పోయాక ఆయన చేతిరాతంటూ చీటీ ముక్క కూడా మిగల్లేదు. మావయ్య పక్కన కూర్చుని ఆ పేజీలు తిప్పుతుంటే నాకెంత హాయిగా ఉండేదో మీకు తెలుసా?"

ఆమె కళ్లు తుడుచుకుని మామగారి దగ్గరికొచ్చింది.

"ఈ పొద్దుటి కాపీ రెండో పెట్టెలో ఉంది. కానీ పుస్తకాలు మీవి. మీరు తెమ్మంటేనే తెస్తాను. వద్దంటే గడువు కాగానే తీసేస్తాను."

"వద్దమ్మా," అన్నారాయన మెల్లిగా.

తొమ్మిది రోజులు ఇంట్లో మాటలు అవసరానికి మించలేదు. ఆ శనివారం కోడలు రెండో పెట్టె ముందు కూర్చుంది. కాపీలు సరిగ్గా తెరుచుకుంటున్నాయో లేదో వారానికోసారి చూడాలి. ఆ గురువారం కాపీలోంచి చేతికందిన పేజీ ఒకటి తెరిచింది. వెనకే నిలబడ్డ భర్త వంగి చూశాడు.

నాన్న చేతిరాత. గోడగడియారం బొమ్మ. కింద నాలుగు వరుసలు:

'అద్దం పగిలింది, లోలకం వంగింది. కారణం: మా వాడు. ఆరేళ్లు. బల్ల ఎక్కి లాగాడు. గడియారం తెచ్చినాయనకి నా చెయ్యి జారిందని చెప్పాను. నానా మాటలన్నాడు. పిల్లవాడు నిద్రపోతున్నాడు, నయం.'

అతను రెండుసార్లు చదివాడు. మూడోసారి అక్షరాలు కనబడలేదు. చరచరా హాల్లోకి వెళ్లి, నాన్న కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు.

"నాన్నా, చిన్నప్పుడు కొట్లో గోడగడియారం పగలగొట్టానా?"

"ఏమో, గుర్తులేదురా."

"నాక్కూడా లేదు. నువ్వు గుర్తుండనివ్వలేదు." అతను నాన్న మోకాలి మీద చెయ్యి వేశాడు. "నేను చేసిన తప్పుకి నువ్వు మాటలు పడ్డావు. నన్నొక్క మాట అనలేదు. నేనేమో నిద్ర మత్తులో నీ బతుకంతా చెత్త చేసేశాను."

"పిచ్చివాడా, నువ్వు చెత్త అనలేదు. ఆ మాట నాదే." ఆయన వణికే చెయ్యి కొడుకు తల మీద పెట్టారు.

"వెనక్కి తెప్పించు నాన్నా. నేను చదవాలి."

"నా కోడిగీతలు నీకేం అర్థమవుతాయి?"

"అర్థం కానిచోట నువ్వు చెప్పు. నాకు రేపంతా సెలవే."

మామగారు చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. తర్వాత స్టోర్ రూం వైపు చూసి, "అమ్మాయ్, ఎంతసేపు పడుతుంది?" అని అడిగారు.

"పావుగంట మావయ్యా!" అప్పటికే గుమ్మంలో నిలబడి ఉందామె.

మొదటి పేజీ తెరమీదికి రాగానే తండ్రీ కొడుకులు భుజం భుజం ఆనించుకుని కూర్చున్నారు. రెండో వరుస దగ్గరే కొడుకు ఆగిపోయాడు.

"ఇదేంటి నాన్నా, ఈ మాట?"

"జరుగు, చెబుతాను," అన్నారాయన.