క్లీన్ కొట్టిందెవరు?

తొంభై రెండు శాతం దగ్గర కంపైల్ మళ్ళీ ఆగిపోయింది.

"ఈ వారంలో ఇది ఐదోసారి" అన్నాడు మేనేజర్. అరవలేదు. అంటే ప్రమాదం పెద్దదే. "సాయంత్రం ఐదింటికి కస్టమర్ వస్తాడు. మూడు కంప్యూటర్లూ కలిసి ఒక్క డేటాబేస్‌లా పనిచేసి చూపించాలి. ఇక్కడ మొదటిదానికే దిక్కు లేదు."

"సోర్స్‌లో తప్పేం లేదు మావయ్యా..."

"ఆఫీసులో సార్."

"లేదు సార్. మధ్యలో ఎవరో క్లీన్ కొడుతున్నారు."

ఆఫీసంతా ఆ కుర్రాణ్ణి మేనల్లుడనే పిలుస్తుంది. మేనేజర్ అతనికి సొంత మేనమామ మరి. ఇక కంపైల్ అంటే, సోర్స్‌ని, అంటే మనుషులు రాసిన ప్రోగ్రాంని, కంప్యూటర్ నడపగలిగేలా మార్చడం. క్లీన్ అంటే, అప్పటిదాకా కంపైల్ అయినదంతా తుడిచిపెట్టే కమాండ్. మళ్ళీ మొదట్నుంచి గంటన్నర.

"ఎవరో గంటలో తేల్చు. తేల్చకపోతే ఈ పని ఆరో అంతస్తు వాళ్ళకిచ్చేస్తా. ఆ అమ్మాయిని కూడా అక్కడికే పంపేస్తా."

మేనల్లుడు తన సీటు దగ్గరికి పరిగెత్తాడు.

ఆ అమ్మాయి బిల్డ్ ఇంజనీరు. పక్క సీటు. ఈ డేటాబేస్‌ని సోర్స్ నుంచి కంపైల్ చేయడం ఆమెకు తప్ప ఇంకెవరికీ రాదు. అది నడుస్తున్నంతసేపూ కంప్యూటర్ ఆయాసపడుతుంది, వేరే పని సాగదు. అందుకని ఆ గంటన్నరా ఇద్దరూ కాంటీన్ కిటికీ పక్కన వాన చూస్తూ టీ తాగుతారు.

దర్యాప్తు అధికారిగా మారిన మేనల్లుడికి ఒకటే చిక్కు. దొంగ తనే.

ఎవరు ఏ సీటు నుంచి కమాండ్ ఇచ్చారో లాగ్‌లో ఉంటుంది. తెరిస్తే అతని సీటు నంబరు బయటపడుతుంది. నిజం చెప్తే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఆమె పోతుంది.

అరనిమిషం ఆలోచించి, ఉద్యోగాన్నే వదులుకోవడానికి సిద్ధపడి, ఆమె వైపు తిరిగాడు.

"మీకొకటి చెప్పాలి. క్లీన్ కొట్టింది నేను. మీతో టీ తాగడం కోసం."

ఆమె స్క్రీన్ మీంచి చూపు తిప్పలేదు. "ఎన్నిసార్లు?"

"రెండు."

"ఇంకో రెండు నావి."

"ఆ?"

"సోమవారం ఒకటి, బుధవారం ఒకటి. మీరు నోరు విప్పేసరికి నాకు టీ అంటేనే విరక్తి పుట్టేట్టుంది."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అతను నవ్వబోయి ఆగాడు. "మొత్తం నాలుగు. మరి ఇవాళ్టిది?"

ఆమె లాగ్ తెరిచింది. అందులో చివరి లైనులో ఉన్న సీటు నంబరు చూసి ఇద్దరూ ఒకేసారి వెనక్కి తిరిగారు. ఎదురుగా అద్దాల గది. తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల మేనేజర్ ఫోన్‌లో ఉన్నాడు.

"అక్కా, నువ్వింక సంబంధాలు చూడ్డం ఆపేయ్. వీళ్ళిద్దరూ టీలు తాగడమే తప్ప నోరు విప్పడం లేదని నేనే కాస్త భయపెట్టా... కస్టమరా? వాడొచ్చేది రేపు."

మేనల్లుడు తలుపు తోశాడు. మేనేజర్ ఫోన్ బోర్లా పెట్టేసి, గొంతు సవరించుకుని, మొహం గంభీరంగా పెట్టాడు.

"తేల్చావా? ఎవరు?"

మేనల్లుడు నోరు తెరిచేలోగా ఆమె ముందుకొచ్చింది.

"మీరే, మావయ్యా."