నాలుగో సిస్టమ్ పేరు

అరుంధతికి అనుమానం పుట్టిందంటే, అది తేలేదాకా అన్నం సయించదు. రెండు వేల పదకొండు వానాకాలంలో ఆ అనుమానం సృజన్ మీద పడింది.

సృజన్ ఎం.టెక్ చదువుతూ, చిక్కడపల్లి సందులో మేనమామ ఇంటర్నెట్ సెంటర్ చూసుకునేవాడు. అరుంధతి అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్ టూకు చదువుతోంది. రోజూ సాయంత్రం వచ్చి నాలుగో సిస్టమ్ ముందు కూర్చుని, ఊళ్లో ఉన్న స్నేహితురాలు రమ్యకు మెయిల్ రాస్తుంది. అక్కడికొచ్చే అమ్మాయిలంతా అతన్ని "అన్నా, జర ప్రింట్ తియ్యవా" అంటారు. అరుంధతి మాత్రం ఏడు నెలలుగా ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. ఎందుకనలేదో రమ్యకొక్కతికే తెలుసు. ఆ మెయిళ్లలో సగం అతని గురించే మరి!

ఆ సోమవారం వానలో తడుస్తూ వచ్చింది. రిజిస్టర్లో సంతకం పెడుతూ అతని తెర వైపు తొంగి చూసింది. వరసలు వరసలుగా అంకెలు పరుగెడుతున్నాయి. వాటి మధ్య ఇంగ్లిషులో తన పేరు! ఒకచోట కాదు, వరస విడిచి వరస.

"ఏందది?"

సృజన్ గబుక్కున దాన్ని మూసేశాడు. "ఏం లేదండి, నా ప్రాజెక్టు. నెట్ల పోయే ప్యాకెట్లను విప్పే ప్రోగ్రామ్. దానికొక లైబ్రరీ ఉంది."

"లైబ్రరీనా?"

"మీరు పొద్దంత కూసొని చదివేది కాదు. ఎవరో రాసిపెట్టిన కోడ్. మనం ఏది పంపినా కవర్ల కవరు, దాంట్ల ఇంకో కవరు పెట్టినట్టు పోతది. ఏ కవరు ఎట్ల విప్పాల్నో దానికి తెలుసు."

"లోపలి ఉత్తరం గూడ చదువొచ్చా?"

"కొన్ని సైట్లకు తాళం ఉండదు. చదువొచ్చు."

అరుంధతికి తన మెయిళ్లు గుర్తొచ్చాయి. 'అతను నవ్వితే చదివిన పాలిటీ అంత మర్చిపోతున్ననే' అని మొన్న శుక్రవారమే రాసింది. అది గానీ చదివుంటే ఇక ఈ సందులో తలెత్తుకుని తిరగడమెలా? చదవకపోతే మరి గుమ్మడికాయల దొంగలా ఆ తడబాటెందుకు?

మంగళవారం వల పన్నింది. 'గొంతు నొప్పే, ఒకటే దగ్గు. ఎవరన్న అల్లం చాయ్ ఇస్తే బాగుండు' అని రమ్యకు రాసింది. గ్రూప్ టూ చదివే పిల్ల ఏ పనీ అరకొరగా చెయ్యదు. రాస్తున్నంతసేపూ ఖళ్లుఖళ్లున దగ్గింది కూడా.

బుధవారం వచ్చేసరికి నాలుగో సిస్టమ్ పక్కన పొగలు కక్కుతూ అల్లం చాయ్!

"దొరికిన్రు!" అంది అరుంధతి. "నా మెయిల్స్ చదువుతున్రు గదా?"

"నేనా? అయ్యో, లేదండి!"

"మరి ఈ చాయ్ ఎట్ల వచ్చింది?"

"నిన్న గంటసేపు దగ్గిన్రు గదా! మీ దగ్గుకు భయపడి ఏడో సిస్టమాయన లేచి పోయిండు."

అరుంధతి పన్నిన వల తెగింది. అయినా ఓడిపోవడం ఆ పిల్ల జాతకంలోనే లేదు.

"మరి మొన్న నా పేరెందుకు కనబడ్డది? నేను నమ్మ. రేపటి సంది వేరే సెంటర్‌కు పోత, అన్నా!"

ఆ ఆఖరి మాటకు సృజన్ ముఖం పాలిపోయింది.

"జర ఆగండి. చూసి పొండి," అని ప్రోగ్రామ్ తెరిచాడు. "నెట్ ఎందుకు స్లో అయితుందో చూడమన్నడు మామ. అందుకే పై కవర్లే విప్పుత. ఎక్కడికెల్లి ఎక్కడికి పోతుంది, ఎంత పొడుగుంది, గంతే. లోపలిది ఇక్కడ్నే పారేస్తది. మీ నిన్నటి మెయిల్ పొట్టిది. శుక్రవారంది మాత్రం మస్తు పొడుగు."

అరుంధతి చెవులు ఎర్రబడ్డాయి.

"గంత పొడుగు ఎవరికి రాస్తున్రో అని నాకే అనుమానం. పరేషాన్ అయిపోయిన. ఒక్కసారి విప్పుదామని చెయ్యి గూడ పోయింది. మనసొప్పలే."

ఆ మాటలో అబద్ధం కనిపించలేదామెకు. "మరి నా పేరు?" అంది, గొంతు తగ్గించి.

సృజన్ తల దించుకుని ఇంకో ఫైల్ తెరిచాడు. ఏ సిస్టమ్‌ను ఏ పేరుతో చూపాలో అతను రాసుకున్న జాబితా అది. సిస్టమ్ ఒకటి. సిస్టమ్ రెండు. సిస్టమ్ మూడు. అరుంధతి. సిస్టమ్ ఐదు. అలా తొమ్మిది దాకా.

అరుంధతి దాన్ని రెండుసార్లు చదివింది. బయట వాన జోరందుకుంది. ఆమెకు ఎక్కడలేని సంతోషం ముంచుకొచ్చింది.

"శుక్రవారందాన్ని విప్పండి. నేనే చెప్తున్న."

"చెప్పిన గదా, పారేసిన."

"పారేసిన్రా!" అంది నిజంగా నొచ్చుకుని. "ఏడు నెలల సంది అన్నీ పారేసిన్రా?"

"నోటితోని చెప్పు. వింట," అన్నాడు సృజన్. మీరు కాస్తా నువ్వైంది.

"ఏముంది చెప్పనీకి? అన్నిట్ల నువ్వే ఉన్నవు."

 సృజన్ చాయ్ గ్లాసు ఆమె ముందుకు జరిపాడు.

"అయితే ముందు ఆ అన్నా అన్నది వాపస్ తీసుకో."

"తీసుకున్న," అంటూ ఒక గుక్క తాగి, నవ్వబోయింది అరుంధతి. చాయ్ పొలమారి, ఈసారి నిజంగానే దగ్గింది.