చుక్కను పిలిచే సైగ

ఆదివారం పొద్దున కమలం కాఫీ కలుపుతుండగా కూతురు జనని పెరట్లోంచి ఖాళీ గొలుసు పట్టుకుని వచ్చి, చుక్క కనబడడం లేదంది. తండ్రి రఘురామ చేతిలోని పేపరు ఇంకాస్త పైకెత్తాడు. చదవడానికి కాదు, మొహం దాచుకోవడానికి.

చుక్క పుట్టుచెవిటి. రాజపాళయం తెల్లకుక్కల్లో అప్పుడప్పుడు అలాంటి పిల్లలు పుడతాయి, వాటినెవరూ కొనరు. కుక్కలకు శిక్షణ ఇచ్చి బతుకుతానని కోయంబత్తూరు ఉద్యోగం వదిలి వచ్చిన జనని, అందరూ వద్దన్న ఆ పిల్లనే తెచ్చుకుంది. చేతి సైగలతోనే కూర్చోవడం, రావడం నేర్పింది. ఆ రోజే టౌన్లో కుక్కల ప్రదర్శన. అక్కడ చుక్క సైగలన్నీ పాటిస్తే నలుగురైనా తమ కుక్కలను శిక్షణకు పంపుతారని ఆమె ఆశ.

కమలం పేపరు లాగేసింది. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు.

"చీకటితోనే మంసాపురం తోటలో కాపలావాడి దగ్గర విడిచిపెట్టి వచ్చినాను," అన్నాడు రఘురామ. "అంతమంది ముందర అది మాట వినకపోతే మనవాళ్ళు నిన్ను చూసి నవ్వుతారు. అది నేను చూడలేనమ్మా."

జనని గొంతు పెంచలేదు. "ఓడిపోతే మళ్ళీ నేర్పించుకుందును నాయనా. నన్ను ఓడేదానికి కూడా విడవలేదు మీరు."

ఆ మాట ఆయనకు ఎక్కడో గుచ్చుకుంది. స్కూటర్ తీశాడు. కూతురు వెనక కూర్చుంది.

తాడు తెంచుకుపోయిందని తోట కాపలా ఇరులప్పన్ తల దించుకుని చెప్పాడు. ఇద్దరూ మామిడి చెట్ల మధ్య వెతికారు. ముందుగా రఘురామకే కనబడింది, కంచె దగ్గర బెదిరి నిలుచున్న చుక్క. పేరు పెట్టి అరిచాడు. వినబడదని గుర్తొచ్చి రెండు చేతులూ గబగబా ఊపాడు. అది తోక ముడిచి ఇంకా దూరం పరిగెత్తింది.

"అది పొమ్మనే సైగ," అంది జనని.

ఆర్నెల్లుగా ఆమె పెరట్లో నేర్పుతుంటే, ఈ పిచ్చి చూడలేనని కిటికీ మూసుకున్న మనిషి ఆయన. ఒక్కసారి తొంగి చూసినా తెలిసేది.

జనని నేల మీద కూర్చుని అరచేతిని మెల్లగా గుండెకు ఆనించుకుంది. మళ్ళీ మళ్ళీ అలాగే చేసింది. చాలాసేపటికి చుక్క వచ్చి ఆమె ఒళ్ళో మొహం పెట్టింది. అప్పటికి టౌన్లో ప్రదర్శన ముగిసిపోయింది.

రఘురామ కూతురి పక్కనే మట్టిలో చతికిలబడ్డాడు. "ఎట్లా పిలిచేది, నాకూ చూపించమ్మా."

ఆమె ఆయన చేయి పట్టుకుని గుండెకు ఆనించింది. చుక్క ఒకసారి చూసి మొహం తిప్పుకుంది. ఆయన కళ్ళు నిండాయి.

"రాలేదమ్మా."

"రాకపోతే ఏమి నాయనా," అంది జనని. "మళ్ళీ చేయండి."