వేలం గంట కొట్టేలోపు

కాశప్పను ఎమ్మిగనూరు రోడ్డులో ఒక లారీ గుద్దేసి వెళ్లిపోయింది. దానికి నంబర్ ప్లేటు లేదు. రహస్య గూఢచారి ఏజెన్సీకి నమ్మకమైన ఇన్‌ఫార్మర్ ఆయన. ప్రాణం పోయేలోపు ఫోన్‌లో మూడే ముక్కలు చెప్పగలిగాడు: ఆదోని మార్కెట్ యార్డు, పత్తిలో బాంబు, వేలం గంట.

ఎమ్మిగనూరులో ఒక చేనేత టవళ్ల షాపు ఉంది. లోపలికి వెళ్లి "ఉరుకుంద బస్సు పోయిందా?" అని అడగాలి. "ఈరన్న పిలిస్తే ఆగుతుందిలే" అని జవాబు రావాలి. అప్పుడే బీరువా వెనక ఏజెన్సీ ఆఫీసు తలుపు తెరుచుకుంటుంది. ఆ పొద్దున ఏజెంట్ ఈరప్ప కోడ్‌వర్డ్ అడిగాడు గానీ, జవాబుకు ఆగకుండా తలుపు తన్నుకుని లోపలికి దూరాడు. ఆయన పద్ధతే అంత. అడ్డొచ్చింది తలుపైతే తన్నడం, మనిషైతే కొట్టడం. ఇన్నేళ్ల సర్వీసులో మూడో ఆలోచనతో ఆయనకు పని పడలేదు.

చీఫ్ చంద్రశేఖర్ బ్రీఫింగ్ క్లుప్తంగా ముగించాడు. పత్తి ధరల మీద పందేలు కాసే విదేశీ ముఠా ఒకటుంది, పేరు కోబాల్ట్. ఆదోని యార్డు తగలబడితే తెల్లారేసరికి ధర ఆకాశాన్నంటుతుంది, వాళ్ల పంట పండుతుంది. బాంబుకు వేలం గంట సమయానికి టైమర్ పెట్టారు. జనాన్ని ఖాళీ చేయించబోతే ముందే పేల్చడానికి రిమోట్‌తో ఒకడు గుంపులో ఉన్నాడు. కాబట్టి చప్పుడు చేయకుండా వెతకాలి.

"ఇంకో మాట," అన్నాడు చీఫ్. ఆయన ఢిల్లీలో 'థింకింగ్ స్టైల్స్' అనే ట్రైనింగ్ చేసి వచ్చి వారమైంది. మనిషి ప్రతి సమస్యనూ తనకు అలవాటైన కంతలోంచే చూస్తాడట. దారి మూసుకుపోయినప్పుడు పక్కవాడిలా ఆలోచించాలట, లేదా ప్రశ్ననే తిరగేయాలట. కంప్యూటర్ ముందున్న గాడ్జెట్ల నిపుణుడు లోకేష్ ఆవలించాడు. ఈరప్ప గోడ గడియారం చూశాడు.

పల్లవి మాత్రం నల్లద్దాలు సవరించుకుంటూ నవ్వింది. ఆమె డబుల్ ఏజెంట్. పట్టుచీర కట్టి, మాటలతోనే మనుషుల్ని కరిగించి పని చేయించుకోగలదు. ఇటు ఏజెన్సీకీ అటు కోబాల్ట్‌కూ పని చేస్తుంది, అసలు ఎవరి మనిషో ఎవరికీ తెలియదు. టైమర్, రిమోట్ కబురు తెచ్చింది ఆమే. రిమోట్ ఎవరి దగ్గరుందో తెలియదు గానీ, వాడు తనను నమ్ముతాడని చెప్పింది.

"మేమూ నమ్మాల్నా?" అని అడిగాడు ఈరప్ప. ఆమె కారు తాళాలు తీసుకుని బయల్దేరింది.

యార్డు నిండా పత్తి కుప్పలు, మూటలు, ట్రాక్టర్లు. ఈరప్ప తెల్లచొక్కా వేసుకుని, పత్తిలో తేమ చూసే కంపెనీ మనిషి వేషంలో దిగాడు. చేతిలో తేమ మీటరు. దాని కడుపులో లోకేష్ పేలుడు పదార్థాన్ని పసిగట్టే సెన్సార్ దాచాడు. గొప్ప గాడ్జెటే గానీ, రైతులు కొట్టిన పురుగుమందు వాసనకు ప్రతి మూట దగ్గరా కుయ్యిమంది. లోకేష్ డ్రోన్ కెమెరాకు ఎండలో కుప్పలన్నీ ఒకే వేడిగా కనిపించాయి. పల్లవి ముఖాలు చదివింది. భయపడుతున్నవాణ్ణి పట్టుకుందామంటే, రేటు పలికే రోజున యార్డులో భయపడని రైతెవడు? ముగ్గురూ చేతులెత్తేశారు.

అప్పుడు ఈరప్పకు ఒక కుప్ప మీద మారెమ్మ కనిపించింది. కోడుమూరు దగ్గరి పల్లెలో కౌలు సేద్యం చేసే సొంత అక్క. తల్లి పోయాక తాను పస్తుండి తమ్ముడికి కూడు పెట్టిన మనిషి. ఈరప్ప గబగబా ఆ కుప్ప దగ్గరికి నడిచాడు.

"అక్కా, రవ్వంత సేపు బయటికి పో. టీ తాగిరాపో."

"పత్తి ఇడ్సిపెట్టి యాడికి పోవల్ల రా? తూకమయ్యేదాకా కదల్ను." ఆమె మీటరు చూసి, తమ్ముడు కంపెనీలో చేరాడనుకుని గొంతు తగ్గించింది. "ఆ మిషను నా దాంట్లో పెట్టొద్దప్పా. నీళ్లు సల్లినా. అందురూ సల్లినార్లే."

ఆమెను ఎత్తుకుని పరిగెత్తాలనిపించింది ఆయనకు. కానీ పరిగెత్తితే రిమోట్ ఉన్నవాడు చూస్తాడు, అక్కతోపాటు అందరూ పోతారు. ఏం చేయాలో తోచక నిజంగానే ఏడుపొచ్చింది.

చెవిలో చీఫ్ గొంతు వినిపించింది. "ఈరప్పా, గంట కొట్టేవాడు బయల్దేరాడు. నా దగ్గర ఇంకేం లేదయ్యా. ఆ కోర్సులో నేర్చుకున్నదే చెబుతున్నా. ప్రశ్న తిరగెయ్."

ఇంతసేపూ ఈరప్ప అడుగుతున్నది ఒకటే: బాంబున్న పత్తిలో అదనంగా ఏముంది? ఇప్పుడు కళ్లు మూసుకుని తిరగేశాడు. అందరి పత్తిలో ఉండి దాంట్లో లేనిదేమిటి?

నీళ్లు. తూకం కోసం ఇక్కడ అందరూ ఇంతో అంతో చల్లుతారు. లోపల బ్యాటరీ, సర్క్యూట్ పెట్టినవాడు చుక్క కూడా తగలనివ్వడు.

మీటరు కూతను పట్టించుకోవడం మానేసి తేమ అంకె ఒక్కటే చూస్తూ నడిచాడు. అన్నీ తడే. షెడ్డు చివర ఒక మూట దగ్గర మాత్రం వ్యాపారులు మూగి ఉన్నారు, ఇంత ఎండిన సరుకు ఈ సీజన్లో చూడలేదని మెచ్చుకుంటున్నారు. సరుకు యజమాని జాడ లేదు. మీటరు గుచ్చితే అంకె అట్టడుగుకు పడిపోయింది.

"దొరికింది," అన్నాడు ఈరప్ప.

ఆయన మూట చించడం చూసి, బంగారు పన్ను షావుకారు ఒకడు జేబులో చెయ్యి పెట్టాడు. వాడి పక్కనే పల్లవి. మామూలుగా అయితే తీయగా ఒక మాట కలిపేది. ఈసారి ఈరప్పలా ఆలోచించింది. వాడి చెయ్యి పట్టి కసుక్కున కొరికింది. రిమోట్ కింద పడింది, ఆమె దాన్ని మడమతో నలిపేసింది. అలా ఆమె ఎవరి మనిషో తేలిపోయింది.

మూటలో ఇనప పెట్టె, దాని మీద తగ్గిపోతున్న ఎర్రంకెలు. వైర్లు వెతికే వ్యవధి లేదు. ఈరప్ప అక్క కుప్ప దగ్గరికి ఉరికి, గోనె కింద ఆమె దాచిన నీళ్ల క్యాను లాక్కొచ్చి పెట్టె మీద మొత్తం కుమ్మరించాడు. అంకెలు వణికి ఆరిపోయాయి.

గంట మోగింది. యార్డులో ఏమీ కాలేదు. పావురాలు లేచి మళ్లీ వాలాయి.

సాయంత్రం మారెమ్మ ఫోన్ చేసింది. అందరి ముందూ క్యాను బయటికి లాగితే కంపెనీవాళ్లు మొదట ఆమె పత్తిలోనే మీటరు గుచ్చి రేటు కోసేశారట.

"సాకి సంతరించినందుకు బాగా మేలు చేసినావు రా," అంది. అటు తమ్ముడు ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. "ఏమిరా, ఏడుస్తాండావా?"

"లేదక్కా. ఇంగా తిట్టు," అన్నాడు ఈరప్ప.

ఆ విషయంలో మారెమ్మ తమ్ముణ్ణి ఏనాడూ నిరాశపరచలేదు.