కుంకుమ పెట్టిన బ్యాడ్జి

చెన్నయ్య చనిపోయినప్పుడు అతని చొక్కాకున్న బ్యాడ్జిలో పచ్చలైటు వెలుగుతూనే ఉంది. గాలిలో విషం చేరితే ఎర్రబడి కూతపెట్టాల్సిన వైర్‌లెస్ సెన్సర్ అది. దొడ్డబళ్ళాపురం అద్దకం మిల్లులో గ్యాస్‌కు మనిషి పోయాడు. లైటు మాత్రం అంతా క్షేమమే అంది.

చెన్నయ్య మిల్లు కూలీ వేషంలో ఉన్న ఏజెంట్. అతని పార్ట్‌నర్ నాగేంద్రకు పచ్చలైటు చూస్తే ఇప్పటికీ పళ్ళు పటపటమంటాయి.

"బ్యాడ్జిలను రిమోట్‌తో మూగబెట్టే విదేశీ ముఠా. లీడర్ విక్టర్," అన్నాడు చీఫ్. "నెక్స్ట్ టార్గెట్ వైట్‌ఫీల్డ్ చిప్ ప్లాంట్. ఆయుధపూజకు స్టాఫంతా ఒకే హాల్లో ఉంటారు. అక్కడికి గ్యాస్ వదులుతాడు. వాడి సెక్రటరీ అంబిక మన మనిషే. వాడు నాకు ప్రాణాలతో కావాలి."

"తెస్తాను సర్. ఎంత ప్రాణంతో అని మాత్రం అడక్కండి."

నాగేంద్ర పూజారి వేషంలో ప్లాంటులో అడుగుపెట్టాడు. పట్టుచీరలో మెరిసిపోతున్న అంబిక హారతి పళ్ళెం అందిస్తూ కోడ్ అడిగింది.

"స్వామీ, లారీల కింద నిమ్మకాయలు పెట్టినారా?"

"ఒకటి తక్కువైందమ్మా."

ఆమె గొంతు తగ్గించింది. "ఆడిటర్ వేషంలో ఉండేది విక్టరే. అందరి బ్యాడ్జిలూ మూగబెట్టినాడు, వాడిదొక్కటే పనిచేస్తాది. తన ప్రాణం కోసం పెట్టుకున్నాడు."

అప్పటికే హౌస్‌కీపింగ్ మునివెంకటమ్మ మెషిన్లకూ కంప్యూటర్లకూ బ్యాడ్జిలకూ గంధం, కుంకుమ దట్టంగా అద్దుతూ వస్తోంది. విక్టర్‌నూ వదల్లేదు.

"నీది గూడా ఇట్లా ఇయ్యప్పా, పనిముట్టే గదా!"

గాలి పీల్చే సన్నరంధ్రం కుంకుమతో మూసుకుపోయింది. విక్టర్ నవ్వుతూ బ్యాడ్జి తగిలించుకున్నాడు. నాగేంద్ర అంతా చూశాడు. చూసి, ఏమీ ఎరగనట్టు మంత్రం అందుకున్నాడు.

గంట మోగగానే విక్టర్ గ్యాస్ రూములో దూరి వాల్వ్ తిప్పాడు. నాగేంద్ర పంచె మడతలోంచి మాస్క్ తీసి తగిలించుకుని, గాజు తలుపు బయట నిలబడ్డాడు. ఇయర్‌పీస్‌లో అంబిక రొప్పుతోంది.

"హాల్ పైపు మూత బిగుసుకుపోయింది నాగేంద్రా... తిరగట్లే... ఆఁ, మూసేసినా! ఇంక గ్యాసంతా వాడి రూములోకే!"

విక్టర్ బ్యాడ్జి చూసుకున్నాడు. పచ్చ. హాలు నిండేదాకా ధీమాగా నిలబడదామనుకున్నాడు. అంతలోనే మోకాళ్ళు మడతపడ్డాయి. తలుపు మీదికి తూలి లాగబోతే, అవతల నాగేంద్ర పిడి బిగించి పట్టుకున్నాడు. ఆ పట్టు అతనికి ఎంతో హాయిగా ఉంది.

"గ్యాస్... ప్లీజ్!"

"గ్యాసా? లైటు పచ్చగానే ఉండాదే! మా చెన్నయ్యదీ ఇట్లే ఉండె."

విక్టర్ కళ్ళు తేలేస్తుండగా చీఫ్ మాట గుర్తొచ్చింది. నాగేంద్ర తిట్టుకుంటూ తలుపు తీసి, వాల్వ్ కట్టేసి, గోటితో కుంకుమ గీకాడు. బ్యాడ్జి ఎర్రబడి కెవ్వుమంది. ఆ కూత విక్టర్ చెవిన పడిందని చూసుకున్నాకే కాలర్ పట్టి వాణ్ణి బయటి గాలిలోకి ఈడ్చాడు.

మునివెంకటమ్మ పరుగెత్తుకొచ్చి బ్యాడ్జి వంక చూసింది. "ఏం స్వామీ, పూజ చేసిన దాన్ని గీకినావే? మంచి జరగతాదా?"

"జరిగిపోయిందమ్మా," అన్నాడు నాగేంద్ర, దగ్గుతున్న విక్టర్‌కు బేడీలు తగిలిస్తూ.