మొదటి రకం ఎక్కిళ్ళు

"మీరు డాక్టరేనా, ఇంకా... హిక్... చదువుకుంటున్నారా?"

గుంటూరు ఆస్పత్రి క్యాజువాలిటీలో రెబ్కా నన్నడిగిన మొదటి ప్రశ్న ఇది. కొత్త హౌస్‌సర్జన్ని కాబట్టి అడగడంలో తప్పులేదు. కానీ ఏడాదిగా చర్చిలో వెనక బెంచీ మీద కూర్చుని ఆవిడ పాట కోసమే ఆదివారాలకు ఎదురుచూస్తున్నవాణ్ణి. ఆ గొంతు మొదటిసారి నాతో మాట్లాడుతుంటే మధ్యలో ఈ ఎక్కిలేమిటని ఒళ్ళు మండింది.

వెంట వచ్చిన వాళ్ళ నాన్న మరియదాసుగారు నల్లపాడులో మాస్టారు. క్లాసులో చెప్పినంత గట్టిగా చెప్పారు.

"నిన్న పొద్దుటి నుంచీ ఇంతే డాక్టర్‌గారూ! బజ్జీలు తినొద్దే అంటే విన్లేదు. రేపు విజయవాడ రేడియోలో పాటకి ఆడిషన్. ఇట్టా పాడితే ఎవరు తీసుకుంటారండీ?"

"కంగారు పడకండి. ఊపిరితిత్తుల కింద డయాఫ్రమ్ అనే కండరం ఉన్నట్టుండి ముడుచుకుంటుంది. గాలి లోపలికి దూసుకొస్తుంది, గొంతు టక్కున మూసుకుంటుంది. ఆ చప్పుడే ఇది. రెండు రోజుల్లోపు తగ్గితే మొదటి రకం, మామూలుది. అది దాటితే రెండో రకం, కారణం వెతకాలి. నెల దాటితే మూడో రకం, మొండిది."

"పాఠం బాగా... హిక్... చెప్పారు. మరి మందు?"

పంచదార పెట్టాను. ఊపిరి బిగబట్టించాను. చన్నీళ్ళు తాగించాను. ఎక్కిలి నన్ను లెక్కచేయలేదు.

మా వైపు ఎక్కిళ్ళు ఆగాలంటే మనిషి ఉలిక్కిపడాలంటారు. అందుకు చేయని దొంగతనం అంటగడతారు. అదీ చేసి చూశారా అని అడిగాను.

"ఆ వైద్యమూ అయింది," అంది రెబ్కా. "అమ్మ గొలుసు, పక్కింటి కోడి, ఆఖరికి చర్చి... హిక్... గంట కూడా నేనే ఎత్తుకెళ్ళానన్నారు. ఇంక నేను దేనికీ ఉలిక్కిపడను."

నవ్వబోయింది కానీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి చూశాక నా నోరు నా మాట వినలేదు.

"రెబ్కాగారూ, మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలని ఉంది. ఏడాదిగా."

నర్సు చేతిలో ట్రే ఆగిపోయింది. ఎక్కిలీ ఆగిపోయింది.

మరియదాసుగారు చప్పట్లు కొట్టారు. "భేష్! మాకు చర్చి గంట దాకానే తట్టింది. ఏం అబద్ధం ఆడారండీ!"

నా చెయ్యి పట్టుకుని ఊపేసి కూతుర్ని తీసుకుపోయారు. గుమ్మం దగ్గర రెబ్కా ఒకసారి వెనక్కి చూసింది. అది నిజమేనని అరవాలనిపించింది, ఈలోపు నర్సు తర్వాతి పేషెంటుని నా ముందు కూర్చోబెట్టింది. ప్రాణం పెట్టి చెప్పిన మాట కాస్తా మందు కింద జమ అయిపోయింది. ఏడుపొచ్చింది.

వారం తర్వాత, జోరువానలో, కారుతున్న గొడుగుతో రెబ్కా మళ్ళీ క్యాజువాలిటీకి వచ్చి నిలబడింది.

"ఆడిషన్‌లో పాసయ్యానండీ. హిక్. కానీ మళ్ళీ మొదలయ్యాయి. హిక్."

నాకు అనుమానం వచ్చింది. నిజం ఎక్కిలి మాట మధ్యలో పడుతుంది. ఈవిడగారిది వాక్యం పూర్తయ్యేదాకా మర్యాదగా ఆగుతోంది.

"ఇవి ఏ రకంలోనూ లేవండీ," అన్నాను.

"అయితే నిజం చెప్పండి ప్రభుదాసుగారూ. ఆ రోజు మీరన్నది మందేనా?"

"కాదు. నిజమే. మందులా పనిచేసింది, అంతే."

ఆవిడ గొడుగు కొసతో నేలమీద గీతలు గీసింది. "పాడేటప్పుడు నేను వెనక బెంచీ వైపే చూసేదాన్ని. మీరే పాటల పుస్తకంలో తలదూర్చుకునేవారు."

అంతలో మరియదాసుగారు బజ్జీ నములుతూ లోపలికొచ్చారు. "ఏం డాక్టర్‌గారూ, మళ్ళీ అదే మందా?"

"మందు కాదు మాస్టారూ. రెబ్కాని నాకిచ్చి పెళ్ళి చేస్తారా? ఆదివారం మా అమ్మానాన్నల్ని మీ ఇంటికి తీసుకొస్తాను."

"హిక్!"

రెబ్కా ఆయన వీపు నిమిరింది. "ఏం కాదు నాన్నా, మొదటి రకమే. ఒక్క మాట అనెయ్, తగ్గిపోతుంది."

ఆయన కూతురి మొహంలోకి చూశారు. చేతిలోని బజ్జీ పక్కన పెట్టారు.

"స... హిక్... రే!"

మాట మధ్యలో పడింది. నిజం ఎక్కిలే.