మూతబడ్డ ప్రెస్సులో అక్షరాలు

నెల్లిమర్లలో రైలుగేటు అవతల మూతబడ్డ అచ్చాఫీసు రేకులషెడ్డు ఒకటుండేది. దీపాలు పెట్టాక ఆ దారిన ఎవడూ పోడు. కంపోజిటర్ లక్ష్ముడు అందులోనే పోయాడు, పోయినా ఇంకా అక్షరాలు పేరుస్తన్నాడని ఊరంతా గోల. లోపల్నుంచి టిక్... టిక్... మని చప్పుడొస్తాదట.

వింటే నాకు ఒళ్ళు మండేది. బతికున్నన్నాళ్ళూ ఆ మనిషి దగ్గుతుంటే ఒక్కడూ ఆగి పలకరించిన పాపాన పోలేదు. చచ్చాక మాత్రం అందరికీ చెవులు పనిచేశాయి.

సంగతేటన్నది మిషను బడి మేష్టారు కృపానిధి నాకు చెప్పాడు. అరవై తొమ్మిదిలో, కార్తీకం వెళ్ళాక. సైకిలు పంచరై అడ్డదారిన నడిచొస్తన్నాడట. మేష్టారికి దెయ్యాల మీద నమ్మకం లేదు. చేతిలో టార్చి కూడా ఉన్నాది.

షెడ్డు దగ్గరకొచ్చేసరికి — టిక్.

ఆగాడు. అదీ ఆగింది.

అడుగేశాడు... టిక్... టిక్... ఆ చప్పుడు వెనకే లోపల్నుంచి సన్నటి ఆడగొంతు. "ఓ... మా... న..." ఒక్కో అక్షరమే, మధ్యలో ఊపిరి తీసుకుంటూ.

మేష్టారు టార్చి వేసి తలుపు తోశాడు.

రేకు చాటున బుడ్డిదీపం. నేల మీద ఓ ఆకారం. నెత్తి నిండా నూగు...

"లైటు తియ్యి బాబూ. కళ్ళల్లో కొడతన్నాది."

దెయ్యం కాదు. లక్ష్ముడి పెళ్ళాం దాలమ్మ. పగలంతా జూటు మిల్లులో పని, ఆ నూగు గోగునారది. ముందర చేటలో సీసం అక్షరాలు.

"ఆ రేతిరి నాను గెంజి అట్టుకొచ్చేసరికి కూలబడిపోయున్నాడు," అంది దాలమ్మ. "సేతిలో పేర్సిన వరస కింద పడి సెదిరిపోనాది. నోట మాట లేదు. ఏలెట్టి ఈటినే సూపించాడు... సూపిస్తానే పోనాడు. నాకేదో సెప్పాడు బాబూ. అది ఇందులోనే ఉన్నాది."

"ఎవరికీ చూపించలేదా?"

"మొగుడు పెళ్ళానికి సెప్పిన మాట... మందికెలా సూపిస్తాను?"

అచ్చయిపోయిన అక్షరాల్ని గళ్ళల్లో సర్దడం లక్ష్ముడే ఆమెకి నేర్పాడు. ఏ అక్షరం పేరేటో తెలుసు. కలిపి చదవడం రాదు. రెండేళ్ళ పైనుంచీ అటు పేర్చి, ఇటు పేర్చి, పేర్చింది చెరిపి... తన చెవికి వినిపిస్తే మాట అవుతాదేమోనని పైకి అనుకుంటూ కూర్చుంటాది.

మేష్టారు చేట ముందర చతికిలబడ్డాడు. అద్దంలోలా తిరగేసిన అక్షరాలు, సున్నలూ వత్తూ కలిపి ఇరవై. ముందు 'ఓటు' దొరికింది. ఇంక వెతకనక్కర్లేకపోయింది, అరవై ఏడులో ఏ గోడ చూసినా ఉన్న మాటే.

మీ అమూల్యమైన ఓటు మాకే వేసి గెలిపించండి.

ఎలక్షన్లో నిలబడ్డ ఓ పెద్దమనిషి కరపత్రం. జ్వరంతో ఉన్నవాణ్ణి యజమాని కూర్చోబెట్టి పేర్పించాడు. ఆఖర్న వేలు చూపించింది, పని ఆగిపోతాదన్న భయంతో కాబోలు. పాపిష్టి బతుకు.

మేష్టారు గొంతు సవరించుకున్నాడు. "'దాలమ్మా, జాగ్రత్త' అని ఉందమ్మా."

"ఇందులో దా లేదు బాబూ," అంది నెమ్మదిగా. "నా పేరు లేదని ఆ రేతిరే సూసుకున్నాను. పేరెట్టి పిలిసే మడిసి కూడా కాడులే. ఇంకేదైనా మంచిమాట ఉంటాదేమోనని... నిజం సెప్పీ."

చెప్పాడు. అబద్ధమాడినందుకు తలెత్తలేక, చేటలోకి చూస్తూనే చెప్పాడు.

దాలమ్మ గుసగుసగా అడిగింది.

"ఆ బాబు గెలిసాడా?"

"లేదమ్మా," అన్నాడు మేష్టారు. "డిపాజిట్టు కూడా దక్కలేదు."